పెళ్ళి ఫోటో చూపించి బెంచి మార్చమని అడగొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. రొయ్యల మేత కంపెనీలు కొన్ని కూడబలుక్కుని బస్తా రేటు పెంచాయని మీ రైతుల సంఘం కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు పెట్టింది. కమిషన్ విచారించి కంపెనీలకి పెనాల్టీ వేసింది. వాళ్ళు ఢిల్లీలో కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌ఏటీకి అప్పీలు వెళ్ళారు. అక్కడ మూడు వాయిదాలు వాదనలు నడిచాక, బెంచిలో ఉన్న ఇద్దరు సభ్యుల్లో ఒకాయన ఓ కంపెనీ డైరెక్టరు గారమ్మాయి పెళ్ళిలో నవ్వుతూ నిలబడ్డ ఫోటో మీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పైగా వాదనల మధ్య ఆయన "సీజను దెబ్బతింటే రైతులు మేత మీద నెపం వేస్తారు" అన్నారట, మీ లాయరు గారి జూనియరు చెప్పాడు. బెంచి మార్చమని అడగొచ్చా, ఆయన మీద కంప్లైంటు పెట్టొచ్చా, రేపు ఆర్డరు వ్యతిరేకంగా వస్తే సుప్రీం కోర్టులో ఈ ఒక్క పాయింటు మీద కొట్టేయించొచ్చా అని మీ సందేహం.

అన్నిటికన్నా ముందు ఆ ఫోటో గ్రూపులోంచి తీయించండి, కింద రాసిన కామెంట్లతో సహా. "అమ్ముడుపోయాడు" అని రాసిన పెద్దమనిషి ఎవరో గానీ సంఘానికి మేలు చేయలేదు. కోర్టు ధిక్కారానికి శిక్షించే విషయంలో హైకోర్టుకున్న అధికారమే కంపెనీల చట్టం 425వ సెక్షను ఎన్‌సీఎల్‌ఏటీకీ ఇచ్చింది. ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. మిమ్మల్ని జైల్లో వేస్తారని బెదిరించడం లేదు. రేపు మీరు నిజంగా అఫిడవిట్ వేసిన రోజున అవతలి సీనియర్ లాయరు లేచి మొట్టమొదట చూపించేది ఆ స్క్రీన్‌షాటే. అక్కడితో అనుమానం సభ్యుడి మీంచి మీ మీదకి తిరుగుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, మా సీనియరు గారు ఊళ్ళో లేని వారం, డెల్టాలోనే ఒక మున్సిఫ్ కోర్టులో చెరువు గట్టు దావా ఒకటి నా చేతిలో ఉంది. ఆగస్టు నెల, గోదావరికి ఎర్రనీళ్ళు. మా పార్టీ పొద్దున్నే సైకిలు పడేసి లోపలికొచ్చాడు. "అయిపోయిందండి మన పని. అవతలోళ్ళింట్లోంచి నాలుగు గిన్నెల క్యారియరు జడ్జిగారి క్వార్టర్సుకెళ్ళిందండి. పులసండి, ఆయ్, వాసన వీధి చివరిదాకా కొట్టింది" అన్నాడు. నాకు రక్తం ఉడికింది. ఆ మధ్యాహ్నమే అఫిడవిట్ టైపు కొట్టించి, మర్నాడు ఏలూరు బస్సెక్కి జిల్లా కోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ పడేశాను. జిల్లా జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి ఒక్కటే అడిగారు: "మూత తీసి చూసిందెవరండీ?"

ఎవరూ చూళ్ళేదు. మావాడు చూసింది క్యారియరు పట్టుకెళుతున్న బంట్రోతుని. ఆ బంట్రోతు కాపురం క్వార్టర్స్ వెనకాలే. అతను తన ఇంటికి తీసుకెళుతున్నాడేమో కూడా మేం కనుక్కోలేదు. పిటిషన్ ఖర్చులతో కొట్టేశారు. ఆ తరవాతి సోమవారం మళ్ళీ అదే మున్సిఫ్ గారి ముందు నిలబడ్డాను. ఆయన మొహంలో కోపం లేదు, ఏమీ లేదు, నాకు అదే ఎక్కువ భయం వేసింది. దావా సగం పోయింది. అయితే పోయిన సగం గట్టు చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనరు రిపోర్టు వల్ల, అది మొదట్నుంచీ మాకు వ్యతిరేకమే. ఆయన పులుసు తిన్నారో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

సరే, చట్టం సంగతి. పక్షపాతం నిరూపించడానికి జడ్జి నిజంగా ఒక పక్కకి మొగ్గారని చూపించనక్కర్లేదు. సంగతులన్నీ తెలిసిన మామూలు మనిషికి సబబైన భయం కలుగుతుందా అన్నదే కొలత. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీం కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, జడ్జి తన మనసుని కాదు, ఎదురుగా నిలబడ్డ కక్షిదారు మనసుని చూడాలంది. డబ్బు సంబంధం ఉంటే ఇంత చర్చ కూడా అక్కర్లేదు. మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఇంగ్లండులో డైమ్స్ అనే ఆయనకీ ఒక కాలువ కంపెనీకీ నడిచిన కేసు తేలింది. కింది జడ్జి కంపెనీకి అనుకూలంగా ఇచ్చిన ఆర్డరుని లార్డ్ ఛాన్సలర్ కాటెన్‌హామ్ ఖాయం చేశాడు. ఆయనకి ఆ కంపెనీలో షేర్లున్నాయని తరవాత బయటపడింది. ఆయన షేర్ల కోసం తీర్పు రాశాడని ఎవరూ అనుకోలేదు, అయినా హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన ఆర్డరు కొట్టేసింది. ఆ తరవాత జరిగింది చాలామంది చెప్పరు. కింది జడ్జి ఇచ్చిన అసలు ఆర్డరుని లార్డ్స్ విడిగా పరిశీలించి, అది సరైనదే అని నిలబెట్టారు. కాలువ కంపెనీయే గెలిచింది. డైమ్స్ పక్షపాతం పాయింటు గెలిచి కేసు ఓడిపోయాడు.

మీరు దృష్టిలో పెట్టుకోవాల్సింది ఇదే. ఈ వాదన గెలిస్తే వచ్చేది కొత్త బెంచి, కొత్త వాదన. గెలుపు కాదు.

పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం కేసుల్లో దీనికి మైక్రోసాఫ్ట్ అప్పీలుని మించిన ఉదాహరణ నాకు తెలిసి లేదు. 2000 జూన్ 7న వాషింగ్టన్‌లో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఆ కంపెనీని రెండు ముక్కలు చేయమన్నాడు. విండోస్ ఒక కంపెనీ, మిగతా సాఫ్ట్‌వేర్ ఇంకో కంపెనీ. ఆ వెనకే ఆయన ఇంటర్వ్యూలు అచ్చవడం మొదలైంది. తీరా చూస్తే 1999 సెప్టెంబరు నుంచే, అంటే ఆ నవంబరు 5న వాస్తవాల నిర్ధారణ రాయకముందు నుంచే, ఎంపిక చేసుకున్న విలేకరులతో ఛాంబర్లో మాట్లాడుతున్నాడు. తీర్పు వచ్చేదాకా అచ్చు వేయకూడదని వాళ్ళతో షరతు. బిల్ గేట్స్‌ని నెపోలియన్‌తో పోల్చాడు. కంపెనీ వాళ్ళు తప్పు ఒప్పుకోని తీరుకి, హత్య కేసుల్లో శిక్షపడ్డ ఒక మాదకద్రవ్యాల ముఠాని గుర్తు చేసుకున్నాడు. కంచరగాడిదకి ఆటలు నేర్పేవాడి కథ కూడా చెప్పాడు. ముందు దుంగతో నెత్తి మీద ఒకటిచ్చి దాని దృష్టి మనవైపు తిప్పుకోవాలట. కంపెనీని ముక్కలు చేయమన్న ఆర్డరుకి అది వివరణ!

అప్పీలు కోర్టు ఏడుగురు జడ్జిలతో కూర్చుని 2001 ఫిబ్రవరిలో రెండు రోజులు విన్నది. జూన్ 28న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. నడుస్తున్న కేసు గురించి బయట మాట్లాడటం జడ్జిల నియమావళికి విరుద్ధం, నిష్పక్షపాతం మీద నమ్మకం పోయేలా ప్రవర్తించాడు అని గట్టిగానే రాసింది. ముక్కలు చేయమన్న ఆర్డరు రద్దు చేసి, కేసు ఇంకో జడ్జికి పంపమంది. ఆ ఆర్డరు పోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి లెండి. పరిహారం ఏమిటన్న దాని మీద ఆయన సరిగా సాక్ష్యం వినలేదు, కారణాలు చాలినన్ని రాయలేదు, కింద తేల్చిన తప్పుల్లో కొన్ని పైన నిలబడలేదు. కానీ జాక్సన్ వాస్తవాల మీద రాసినదాన్ని ఈ కారణంతో చెత్తబుట్టలో పడేయలేదు. ఆయన నిజంగా పక్షపాతంతో ఆ వాస్తవాలు రాశాడనడానికి ఆధారం లేదని, అనర్హతని ముక్కలు చేయమన్న ఆర్డరు తేదీ నుంచే వర్తింపజేసింది. విండోస్ గుత్తాధిపత్యం నిలుపుకోవడానికి మైక్రోసాఫ్ట్ చట్టం తప్పిందన్న మూల నిర్ణయం అలాగే ఉంచింది.

కొత్త జడ్జి కొలీన్ కొల్లార్-కొటెల్లీ దగ్గరికి వెళ్ళేసరికి ప్రభుత్వమే ముక్కలు చేయాలన్న కోరిక వదిలేసుకుంది. 2001 నవంబరులో రాజీ కుదిరింది, మరుసటి ఏడాది నవంబరులో కోర్టు దానికి చాలావరకు ఆమోదముద్ర వేసింది. కంపెనీ ఒక్కటిగానే మిగిలింది. ఎవరి వాదన నచ్చి జాక్సన్ నోరు జారాడో వాళ్ళకే నష్టం జరిగింది. అందుకే నేను జూనియర్లకి చెప్పేది, బెంచి మీద ఉన్నాయన మన పక్షాన మరీ ఉత్సాహంగా మాట్లాడుతుంటే కంగారు పడమని.

ఇప్పుడు మన దేశంలోకి, మన ఇంటి పునాది దాకా వద్దాం. సిమెంటు కంపెనీలు కుమ్మక్కయ్యాయని 2012 జూన్ 20న కాంపిటీషన్ కమిషన్ 11 కంపెనీలకీ వాళ్ళ సంఘానికీ కలిపి ఆరు వేల కోట్ల పైన పెనాల్టీ వేసింది. 2015 డిసెంబరులో అప్పటి అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసి కమిషన్‌కి తిప్పి పంపింది. కుమ్మక్కు లేదని కాదు. తుది వాదనలు విన్నవాళ్ళలో చైర్మన్ లేరు, ఆర్డరు మీద మాత్రం ఆయన సంతకం ఉంది. విన్నవాడే తీర్పు చెప్పాలి కదా. ఈ సూత్రానికి సుప్రీం కోర్టులో గట్టి పునాది వేసింది పక్క కృష్ణా జిల్లా బస్సుల యజమానులే. రోడ్డు రవాణా సంస్థ తమ రూట్లు తీసుకుంటుంటే గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేరున కేసు వేశారు. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే వినడం ఉత్త తంతు అయిపోతుందని ఆ తీర్పులో రాసింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు.

సిమెంటు కేసు మళ్ళీ కమిషన్ విన్నది. 2016 ఆగస్టు 31న దాదాపు అంతే పెనాల్టీ మళ్ళీ వేసింది. 2018 జులైలో ఎన్‌సీఎల్‌ఏటీ సరేనంది, అక్కణ్ణుంచి సుప్రీం కోర్టుకెళ్ళింది. ఒక్క సంతకం లోపానికి మొదటి ఆర్డరు నుంచి రెండో అప్పీలు తేలేదాకా ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో ఇల్లు కట్టుకున్నవాడికి ఏం ఒరిగింది?

మీ పరిస్థితి దీనికి అన్వయించుకోండి. కమిషన్ ఆర్డరు మీ వైపు ఉంది. అప్పీలుదారులు వాళ్ళు. కాంపిటీషన్ చట్టానికి 2023 సవరణ వచ్చాక పెనాల్టీలో 25 శాతం కట్టందే అప్పీలు వినరు, అది నిజమే, కానీ మిగతా 75 శాతం ఆగినన్నాళ్ళూ ఆలస్యం వాళ్ళకే లాభం. చట్టం మాత్రం అప్పీలు ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయమంటుంది. ఇంకో సంగతి, పెనాల్టీ డబ్బు మీకు రాదు, అది కేంద్ర ప్రభుత్వ ఖజానాకి పోతుంది. చెరువు మీద నష్టపోయిన రైతుకి పైసా రావాలంటే అదే చట్టం 53ఎన్ సెక్షను కింద విడిగా పరిహారం అడగాలి. కుమ్మక్కు తేలిందన్న నిర్ణయం గట్టిపడితేనే అది ముందుకు కదులుతుంది. మూడు వాయిదాల వాదన గోదాట్లో కలిపి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టమని మీరే అడగడం, అవతలివాళ్ళు అడగాల్సిన వాయిదా వాళ్ళ తరఫున మీరు అడిగినట్టే.

అలాగని నోరు మూసుకోమనడం లేదు. అభ్యంతరం నిజమైతే ఇప్పుడే చెప్పాలి. 1957లో మానక్ లాల్ కేసులో సుప్రీం కోర్టు, ఆ ట్రిబ్యునల్ కూర్పులో పక్షపాతానికి ఆస్కారం ఉందని ఒప్పుకుంది. అయినా ఆ మాట తెలిసీ మొదట అడగలేదు కాబట్టి హక్కు వదులుకున్నట్టే అని పిటిషనర్‌ని వెనక్కి పంపింది. మీ మూడో ప్రశ్నకి జవాబు అదే. ఫోటో బీరువాలో దాచి, ఆర్డరు చూసుకుని, నచ్చకపోతే సుప్రీం కోర్టులో తీస్తామంటే కుదరదు. సుప్రీం కోర్టుకి 53టీ కింద 60 రోజుల్లో వెళ్ళొచ్చు, వెళ్ళండి, కానీ ఈ పాయింటు అప్పటికే చచ్చిపోయి ఉంటుంది.

మొదట్లోనే, మర్యాదగా జరిగితే ఎంత తేలిగ్గా పోతుందో మన తీరంలోనే ఉదాహరణ ఉంది. కాకినాడ దగ్గర సముద్రంలో దొరికిన కేజీ బేసిన్ గ్యాస్ మీద అంబానీ అన్నదమ్ముల కంపెనీలు రెండూ సుప్రీం కోర్టులో కొట్టుకున్నాయి గుర్తుందా? బెంచిలో ఉన్న జస్టిస్ రవీంద్రన్ తనకి రెండు కంపెనీల్లోనూ షేర్లున్నాయని ముందే చెప్పారు, ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. తరవాత తన కూతురు పనిచేసే లా ఫర్మ్ ఒక కంపెనీకి వేరే విషయంలో సలహా ఇస్తోందని తెలిసి, 2009 నవంబరు 4న తనే తప్పుకున్నారు. కొత్త బెంచి విని 2010 మే 7న తీర్పు ఇచ్చేసింది. ఆర్నెల్లు.

ఇక పెళ్ళి. మన వైపు పెళ్ళంటే మీకు చెప్పాలా? ఐదు వేల మందికి శుభలేఖలు, పదివేల మందికి విస్తళ్ళు. భోజనాల దగ్గర కనబడ్డ ప్రతివాడూ చుట్టమైతే భీమవరంలో ఏ జడ్జీ ఏ కేసూ వినలేడు. ఒక ఫంక్షనుకి రావడం ఒక్కటే సాధారణంగా చాలదు. దగ్గరి బంధుత్వమా, ఇదివరకు ఆ కంపెనీకి లాయరుగా చేశారా, అప్పీలు తన ముందుకొచ్చాక వెళ్ళారా అన్నవి లెక్కలోకొస్తాయి.

వాదనలో అన్న మాట సంగతి అసలు వదిలేయండి. బెంచి మీంచి అందరి ముందూ అన్న మాటని ప్రశ్న కిందే తీసుకోవాలి. జాక్సన్ చిక్కుల్లో పడింది కోర్టు హాల్లో కరుగ్గా మాట్లాడినందుకు కాదు, బయట చాటుగా మాట్లాడినందుకు. పైగా ఆ మాట మీ కేసులో ఎక్కడ నీళ్ళు కారుతున్నాయో చూపిస్తోంది. కంపెనీల వాదన నేను ఇక్కణ్ణుంచే చెప్పగలను: చేపపొడి, సోయా రేటు అందరికీ ఒకేసారి పెరిగింది, అందుకే అందరం ఒకేసారి పెంచాం. 2018 అక్టోబరులో రాజస్థాన్ సిలిండర్స్ కేసులో గ్యాస్ సిలిండర్లు చేసే కంపెనీలు ఇలాగే బయటపడ్డాయి. టెండర్లలో రేట్లు ఒక్కటిగా ఉన్నంత మాత్రాన, ఆ మార్కెట్ తీరు చూస్తే, కుమ్మక్కు అనలేమంది సుప్రీం కోర్టు. మీ లాయరు గారి శక్తంతా ఇక్కడ పెట్టించండి. ముడిసరుకు ధర దిగిన నెలల్లో బస్తా రేటు దిగిందా? 25 కిలోల బస్తా ఇన్వాయిసులు, రేటు మారిన తేదీలు, డీలర్లకి వచ్చిన సర్క్యులర్లు, కమిషన్ తరఫున దర్యాప్తు చేసే డైరెక్టర్ జనరల్ రిపోర్టులో సమావేశాల గురించి ఉన్న పేరాలు. సభ్యుడు వేసిన ప్రశ్నకి జవాబు ఆ కాగితాల్లో ఉండాలి.

కంప్లైంటు గురించి. ప్రవర్తన మీద ఫిర్యాదు, కేసులో అభ్యంతరం వేర్వేరు దార్లు. ఫిర్యాదు వల్ల సభ్యుడికి ఏమైనా కావచ్చు గానీ మీ అప్పీలులో అక్షరం మారదు. నిజంగా తప్పు పని జరిగినప్పుడు అది ఎలా ఉంటుందో కూడా చూశాం. 2025 ఆగస్టులో ఎన్‌సీఎల్‌ఏటీ చెన్నై బెంచిలో ఒక దివాలా అప్పీలు నడుస్తుండగా, ఒక పక్షానికి అనుకూలంగా ఆర్డరు ఇవ్వమని ఉన్నత న్యాయవ్యవస్థలోని ఒకరు తనని సంప్రదించారని జ్యుడీషియల్ సభ్యుడే ఆర్డరులో రాసి తప్పుకున్నారు. ఆ స్థాయి ఆరోపణకీ పెళ్ళి ఫోటోకీ ఉన్న దూరం మీరే కొలుచుకోండి.

నేనైతే చేసేది ఇంతే. ఫోటో మొదట తీసిన మనిషిని పట్టుకుని, గ్రూపులో తిరిగి అరిగిపోయిన కాపీ కాకుండా ఫోనులోని అసలు ఫైలు తీసుకుంటాను. అతను తన పేరున, తన కళ్ళతో చూసిందే, అఫిడవిట్ మీద చెబుతాడా అని అడుగుతాను. చెప్పనంటే అక్కడితో ఆపేస్తాను. చెబుతానంటే, వచ్చే వాయిదాకి ముందే అవతలి లాయరుకి కాపీ ఇచ్చి, మీ సీనియర్ చేత ఓపెన్ కోర్టులో, గొంతు పెంచకుండా, "ఈ విషయం బెంచి దృష్టికి తేవడం మా బాధ్యత" అనిపిస్తాను. తప్పుకోవాలని డిమాండ్ చేయను. చాలాసార్లు సభ్యులే వివరణ చెబుతారు, లేదా తప్పుకుంటారు. బెంచి మార్చాల్సొస్తే ఆ పని చైర్‌పర్సన్ చూసుకుంటారు. ఆ సభ్యుడు చెప్పిన వివరణ రికార్డులోకి ఎక్కితే, రేపు పైకోర్టులో మీ నోరు మూసేవాళ్ళుండరు.

ఇదంతా మొదలెట్టేముందు ఆ ఫోటోని ఫోనులో పెద్దది చేసి చూడండి. మన మండపాల్లో స్టేజీ వెనక పూలమధ్య థర్మోకోల్ అక్షరాలతో వధూవరుల పేర్లు, చాలాసార్లు తేదీ కూడా ఉంటాయి. ఆ తేదీ ఆయన ట్రిబ్యునల్‌లో చేరకముందుదా, అప్పీలు ఆయన ముందుకొచ్చిన తరవాతదా? అది తెలిశాక మళ్ళీ రాయండి.